ఎడమ పక్కనుంచి ఎవడూ దాటలేదు

కెప్టెన్‌కి భయమేస్తే నోరు లేస్తుంది. ఈ సంగతి అతని భార్యకి తెలుసు, బామ్మర్దికి తెలుసు, రొట్టెల బేకరీలో పొయ్యి దగ్గర అతనితో ఏళ్ల తరబడి చెమటలు కక్కినవాళ్లందరికీ తెలుసు. అతనికొక్కడికే తెలీదు. ఏ జట్టుకీ ఏనాడూ కెప్టెన్ కాని మనిషికి ఆ పేరెలా వచ్చిందంటే, బేకరీలో చేరిన రోజున తనే చెప్పుకున్నాడు. కాదనడానికి అక్కడ సాక్షులెవరూ లేకపోయారు.

ఆ రోజు ఎముకల డాక్టరు గది బయట, హాల్లో, నోరు లేవడానికి కావలసినవన్నీ అమిరాయి. బయట కుండపోత వాన. లోపల ప్లాస్టిక్ కుర్చీలు, అన్నిట్నీ కలిపి ఒకే ఇనపకడ్డీకి బిగించినవి, ఒకరు కదిలితే వరసంతా కదులుతుంది. మూల ఒక టీ మిషను, ముందు టీ పోసేసి ఆ తర్వాత తీరిగ్గా కప్పు పడేసే రకం. ఎదురుగా మూసి ఉన్న తలుపు, దాని మీద నిలువునా కోసి చూపించిన మోకాలి బొమ్మ. కెప్టెన్ ఆ బొమ్మ వైపు తప్ప అన్ని వైపులా చూస్తున్నాడు.

పక్కన బామ్మర్ది. పైపులు బిగించే పని చేస్తాడు, ఇవాళ పని మానుకుని వచ్చాడు. ఇదివరకు రెండుసార్లు కెప్టెన్ ఇదే హాలు దాకా వచ్చి, ఒకసారి చేతులు కడుక్కొస్తానని, ఇంకోసారి గొడుగు మర్చిపోయానని లేచి, అటునుంచి అటే ఇంటికి కుంటుకుంటూ పోయాడు. అందుకే ఈసారి భార్య తన తమ్ముణ్ణి వెంట పంపింది.

"చూడు బావా, నువ్వు ఆ తలుపు లోపలికి వెళ్లేదాకా నిన్ను వదలొద్దని అక్క మరీ మరీ చెప్పింది. ఇవాళ నేను డిఫెండర్ని, నువ్వు ఫార్వర్డువి. దాటి చూడు."

కెప్టెన్ వెనక్కి వాలి కూర్చున్నాడు. అతని భయం నొప్పి గురించి కాదు. ఆదివారాలు బేకరీ వెనక గ్రౌండులో నడివయసువాళ్లు ఆడే ఆట ఒకటుంది. ఆ ఒక్క పూట కోసం అతను వారమంతా మోకాలికి గుడ్డ చుట్టుకుని పొయ్యి ముందు నిలబడతాడు. డాక్టరు ఇక చాలు, మానెయ్ అంటే? పందొమ్మిదేళ్ల వయసులో బంతిని నమ్ముకుని ఈ దేశానికొచ్చినవాడు, ఇప్పుడా బంతి వదిలెయ్యమంటే ఇంక దేన్ని పట్టుకోవాలి?

సరిగ్గా అప్పుడే పక్క కుర్చీలోని పోస్టావిడ, ఇళ్ల మెట్లెక్కి దిగి మోకాలు వాచిన మనిషి, ఊసుపోక అడిగింది. "మీకెలా తగిలిందన్నయ్యా?"

బామ్మర్ది కళ్లు మూసుకున్నాడు, తుఫాను కబురు విన్న జాలరిలా.

"తగలడమా? పెద్దగా ఏం లేదు చెల్లెమ్మా," అన్నాడు కెప్టెన్. "కుర్రతనంలో ఒక బంతి ఆపాను. ఈ మోకాలితోనే. అంతే."

"ఫుట్‌బాలా?"

"ఫుట్‌బాలే. ఏదో సరదా ఆట కాదు, ప్రొఫెషనల్. వీపున నంబరు, నెలకి జీతం, ఊళ్లు తిరగడానికి బస్సు, అన్నీను. బస్సు కురిసేదనుకో. మూడో డివిజను. గొప్పలు చెప్పుకునే మనిషినైతే రెండో డివిజనని ఉందును. నాకా అలవాటు లేదు."

"నాలుగో డివిజను," అన్నాడు బామ్మర్ది, కళ్లు తెరవకుండానే.

"ఆ రోజుల్లో మూడూ నాలుగూ ఒకే గ్రౌండులో ఆడేవి," అన్నాడు కెప్టెన్ తడుముకోకుండా. "రైలు దిగానమ్మా, చేతిలో ఒక సంచి, సంచిలో బూట్లు. భాష ఒక్క ముక్క రాదు. కోచ్ గట్టుమీద నిలబడి గొంతు చించుకునేవాడు, నన్ను పొగుడుతున్నాడనుకుని చెయ్యి ఊపేవాణ్ణి. తోటి కుర్రాళ్లు 'ఇదిగో, ఇక్కడ పెద్దవాళ్లకి నమస్కారం ఇలా చెప్పాలి' అని ఒక మాట నేర్పారు. నేర్చుకున్నాను. తీసుకెళ్లి క్లబ్బు ప్రెసిడెంటుగారి అత్తగారి ముందు వంగి మరీ అన్నాను."

"అది నమస్కారం కాదా?"

"ఆడకూతురివి, నీ ముందు చెప్పకూడదు. జట్టు జెర్సీలన్నీ ఉతికేది ఆ అత్తగారే. ఆ సీజనంతా నా జెర్సీ ఒక్కటీ ఉతకలేదు. ఎదటి జట్టు ఫార్వర్డులు నా దగ్గరికి రాకపోవడానికి అదీ ఒక కారణమని గిట్టనివాళ్లు అంటారు. అసలు కారణం వేరు."

కిటికీ పక్కన కట్టు కట్టిన కాలు చాపుకుని కూర్చున్న కప్పుల మేస్త్రి ఇటు తిరిగాడు. ఇళ్లకి పైకప్పులు వేసే మనిషి, ఏదో కప్పు మీంచే జారినట్టున్నాడు. "ఏంటండీ ఆ అసలు కారణం?"

ఇద్దరయ్యారు. కెప్టెన్ గొంతు సవరించుకున్నాడు.

"చెప్తా. మొదటి మ్యాచ్. అవతలి జట్టులో ఒక ఫార్వర్డుండేవాడు. మనిషా వాడు? వీపున తొమ్మిదో నంబరు వేస్తే, మిగతా జట్టు నంబర్లన్నీ వెయ్యడానికి ఇంకా చోటు మిగిలింది. వాడు గ్రౌండులో అడుగుపెడితే మా సగానికి ఎండ పోయింది. వాణ్ణి చూసి మా గోల్‌కీపరు వల చుట్టుకుని మూల కూర్చున్నాడు. డిఫెండర్లలో ఒకడు బూటు తాడు కట్టుకుంటున్నాడు, ఇంకొకడు కట్టిన తాడు మళ్లీ విప్పుకుంటున్నాడు. మిగిలిందెవరు? నేను. వాడు కొట్టాడు చెల్లెమ్మా. బంతి వస్తోందీ, రావడం కాదు, కుక్కర్ లాగా ఈల వేసుకుంటూ వస్తోంది. కదిలానా? కదల్లేదు. ఈ మోకాలు ఇదిగో, ఇలా పెట్టాను." మోకాలు పైకెత్తబోయాడు, నొప్పికి సగంలో దించేశాడు. "ఠప్! ఆ చప్పుడుకి గ్రౌండు పక్కన పోతున్న గూడ్సు రైలు డ్రైవరు ఏదో పేలిందనుకుని బ్రేకు వేశాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏమైంది?"

"వచ్చిన బంతి వచ్చిన దారినే పోయింది. మధ్యగీత దాటింది, వాళ్ల డిఫెండర్లని దాటింది, వాళ్ల గోల్‌లో పడింది, పడి ఊరుకుందా, వల తెంచుకుని వెనకున్న జెండా కర్రకి కొట్టుకుని అప్పుడాగింది. వాడు కొట్టిన బంతితో వాడికే గోల్! ఎవరి పేరు రాయాలో తోచక రిఫరీ ఇద్దరి పేర్లూ రాసుకున్నాడు. ఆ సాయంత్రం నుంచీ నాకు ఊళ్లో ఒకటే పేరు. గోడ."

"గోడా?"

"గోడ. 'గోడ వస్తున్నాడు, పక్కకి జరగండ్రా' అనేవాళ్లు బజార్లో."

తలుపు కొంచెం తెరుచుకుని నర్సు తల బయటికొచ్చింది. "పధ్నాలుగు!"

ఆ నంబరు చీటీ కెప్టెన్ చేతిలోనే ఉంది. బామ్మర్ది మోచేత్తో పొడిచాడు. కెప్టెన్ మాత్రం పోస్టావిడ వైపు తిరిగి చెయ్యి చాపాడు. "నువ్వెళ్లమ్మా ముందు. పాపం, నీ సంచిలో ఎవరెవరి శుభలేఖలో నానిపోతుంటాయి."

"కథ మధ్యలో ఉందిగా అన్నయ్యా."

"కథ ఎక్కడికీ పోదు. నువ్వొచ్చేదాకా కథని ఇక్కడే ఆపి ఉంచుతాను. ఆపడం నాకు కొత్తా?"

ఆవిడ నవ్వుతూ లోపలికి పోయింది. ఆపి ఉంచుతానన్న మనిషి, తలుపు మూసుకోగానే మేస్త్రి వైపు జరిగి అందుకున్నాడు.

"మీకొకటి చెప్తాను మేస్త్రిగారూ, మీరు ఎత్తులు చూసిన మనిషి గనక అర్థం చేసుకుంటారు. తొమ్మిదేళ్లు ఆడాను. ఎడమ పక్క నాది. తొమ్మిదేళ్లలో ఎడమ పక్కనుంచి ఎవడూ దాటలేదు. చీమ దాటలేదు. మొదట్లో ప్రయత్నించేవాళ్లు పాపం. తర్వాత్తర్వాత ఫార్వర్డులు నా వైపు కుర్చీలు తెచ్చుకోవడం మొదలెట్టారు. ఆట అయ్యేదాకా కూర్చుని పేపరు చదువుకునేవాళ్లు. ఒకడైతే నా పక్కనే కూర్చుని పరీక్షలకి చదివి ప్యాసయ్యాడు, ఇవాళ పెద్ద ఇంజనీరు. నా వైపు తొక్కేవాడు లేక గడ్డి ఇంతెత్తు పెరిగింది. గ్రౌండు కాపలావాడు ఆట జరుగుతుండగానే మేకల్ని తోలుకొచ్చి మేపేవాడు."

మేస్త్రి కాసేపు లెక్క వేసుకున్నాడు. "మరి మేకలు దాటలేదా మిమ్మల్ని?"

"ఒకటి ప్రయత్నించింది," అన్నాడు కెప్టెన్ గంభీరంగా.

బామ్మర్ది ఈసారి కళ్లు తెరిచాడు. "బావా, నువ్వు చెబుతున్నది ఆకాశంలో ఉంది, నీ చీటీ చేతిలో ఉంది. మళ్లీ పిలిస్తే నేనే ఎత్తుకెళ్లి లోపల పడేస్తా."

పోస్టావిడ బయటికొచ్చింది. వాన జోరు చూసి మళ్లీ తన కుర్చీలోనే కూర్చుంది. నర్సు మళ్లీ పధ్నాలుగంది. బామ్మర్ది లేచేలోగా కెప్టెన్ మేస్త్రి చంక కింద చెయ్యి వేసి లేపేశాడు. "మీరు పదండి మేస్త్రిగారూ. కాలు విరిగిన మనిషిని కూర్చోబెట్టి ముందు నేను వెళ్తే, లోకం ఏమంటుంది?" ఎంత ఆప్యాయంగా లేపాడంటే, మేస్త్రి కుంటుకుంటూ లోపలికి పోయి డాక్టరు ముందు కూర్చున్నాక గాని, తన వంతు ఇంకా రాలేదని గుర్తుచేసుకోలేకపోయాడు.

ఆ వరస చివర ఒక పెద్దావిడ ఉంది. నాలుగు కాళ్ల నడక చట్రం ముందు పెట్టుకుని, దాని మీద రెండు చేతులూ, చేతుల మీద గెడ్డం ఆనించి కునుకు తీస్తోంది. పొద్దున్నే చూపించుకుందట, ఇంటికి దించే ఆస్పత్రి బండి వానకి ఎక్కడో చిక్కుకుందట. కెప్టెన్ ఆవిణ్ణి లెక్కలోకి తీసుకోలేదు. మేస్త్రి కొత్త కట్టుతో తిరిగొచ్చి, మందుల కోసం ఉండమన్నారంటూ కూలబడగానే, ఇద్దరి మధ్యకీ ఒరిగాడు.

"అసలు కథ మీకింకా చెప్పనే లేదు. పై డివిజనుకి పోయే ఆఖరి మ్యాచ్. గెలవక్కర్లేదు, ఓడకపోతే చాలు, మేం పైకి పోతాం. ఊరు ఊరంతా గ్రౌండులోనే. అవతల కొత్త ఫార్వర్డు, పొట్టివాడు, పిడుగు. వాడి నీడ వాడి వెనక పరిగెత్తలేక రొప్పేది. మొదలవగానే వాడు నాకేసి బంతి లేపాడు. నేను తలతో కొట్టాను. కొంచెం గట్టిగా కొట్టినట్టున్నాను. బంతి పైకి పోయింది."

"కిందికి రాలేదా?" అంది పోస్టావిడ.

"రాలేదు. చూశాం, చూశాం, మెడలు పట్టేశాయి. రిఫరీ రూల్సు పుస్తకం తీశాడు. బంతి గీత దాటితే ఆట ఆపాలని ఉంది, పైకి పోతే ఆపాలని ఎక్కడా లేదు. 'ఆడండి' అన్నాడు. బంతి లేకుండా ఆడాం. చేతులు పెట్టి తోసుకున్నాం, పడ్డాం, లేచాం, ఒకడికి పసుపు కార్డు కూడా చూపించారు. హాఫ్‌టైమైంది. టీ తాగాం. నేను మాత్రం నా మనిషిని వదల్లేదు. వాడు టీ తాగుతుంటే వాడి పక్కనే నిలబడి తాగాను."

"ఆ ఏడాదేనండీ," అన్నాడు మేస్త్రి, ఒక్క కండరం కదలకుండా, "కొత్తగా వేసిన కప్పుకి కన్నం పడిందని ఒకాయన నా మీదికి దెబ్బలాటకొచ్చాడు. ఎలా పడిందో ఇవాళ తెలిసింది."

"కాదు కాదు, అది నాది కాదు. నా బంతి ఎక్కడ పడిందో తెలుసా? రెండో సగం అయిపోవస్తుండగా దిగింది. చుట్టూ మంచు పట్టి తెల్లగా గుమ్మడికాయంతై దిగింది. దిగి, గ్రౌండు పక్కన పోతున్న గూడ్సు రైలు పెట్టెలో పడింది. పిడుగుగాడు ఊరుకుంటాడా? ఎగిరి రైలెక్కాడు. వాడెక్కితే నేనూరుకుంటానా? నా మనిషాయె! రైలు పక్కన పరుగు. ఒక స్టేషను పోయింది. రెండో స్టేషను పోయింది. స్టేషను మాస్టర్లు ఎర్రజెండా ఊపుతారు రైలుకి, నాకేమో పచ్చజెండా ఊపుతారు. అలా పోయి పోయి సరిహద్దు దాటేశాం. అవతలి దేశంలో రైలాగింది. వాడు బంతితో దిగాడు. నేనక్కడే ఉన్నాను. కాలు చాపాను. ఎంత మర్యాదగా చాపానంటే, వాడు పడలేదు, కూర్చున్నాడు. బంతి నాది."

"అన్నయ్యా!"

"ఉండమ్మా. బంతి తన్నుకుంటూ వెనక్కి పరుగు. సరిహద్దు గేటు వచ్చింది. మొదటిసారి ఆ గేటు దాటడానికి నాకు ఏడాది పైనే పట్టింది. ఈ కాగితం లేదన్నారు, ఆ ముద్ర లేదన్నారు, ఫొటోలో చెవులు కనపళ్లేదన్నారు. చెవులు కనపడే ఫొటో పట్టుకెళ్తే, ఆఫీసు మూసేశాం రేపు రమ్మన్నారు. ఈసారేమైంది? ఆఫీసరు నా కాళ్ల దగ్గర బంతి చూశాడు. కుర్చీలోంచి లేచి గేటెత్తాడు. కాగితాలేవీ అన్నాడా? అనలేదు. 'స్కోరెంత?' అన్నాడు."

ఆ మాట దగ్గర కెప్టెన్ గొంతు తనకి తెలీకుండానే కొంచెం తగ్గింది. బామ్మర్ది ఓరగా చూశాడు. ఈ గేటు సంగతి ఇదివరకు విన్న కోతల్లో లేదు.

"సున్నా సున్నా అని చెప్పి వచ్చేశాను," అని మళ్లీ ఊపందుకున్నాడు. "రిఫరీ ఈల నోట్లో పెట్టుకున్నాడు, బుగ్గలు ఉబ్బాయి, ఇక ఊదడమే. బంతితో గ్రౌండులోకి అడుగుపెట్టాను. వాళ్ల గోల్ ఖాళీగా ఉంది. కొట్టొచ్చు. కొట్టలేదు! నేను డిఫెండర్ని. తిన్నగా మా గోల్ దగ్గరికి పోయి, బంతి తుడిచి, మా కీపరు చేతుల్లో పెట్టాను. పురిటిబిడ్డని అప్పజెప్పినట్టు. అప్పుడు ఊదాడు ఈల. సున్నా సున్నా. జనం నన్ను భుజాల మీద—"

"నాలుగు సున్నా."

ఆ మాట వరస చివర్నుంచి వచ్చింది. పెద్దావిడ గెడ్డం చేతుల మీంచి తియ్యలేదు, కళ్లు మాత్రం తెరిచి ఉన్నాయి. ఎప్పట్నుంచి తెరిచి ఉన్నాయో ఎవరికీ తెలీదు.

"ఏమన్నారు పెద్దమ్మా?"

"నాలుగు సున్నా అన్నాను నాయనా. రైలు పట్టాల పక్క గ్రౌండేగా? ఎర్ర గేటు? నేనూ మా ఆయనా గోల్ వెనక చెక్కబెంచీ మీద కూర్చునేవాళ్లం. ఇందాకట్నుంచీ చూస్తున్నాను, ఈ మొహం ఎక్కడో చూశానే, ఎక్కడో చూశానే అని. ఆ ఆఖరి మ్యాచ్‌లో నాలుగు గోల్స్ పడ్డాయి. నాలుగూ ఎడమ పక్కనుంచే. ఆ పొట్టివాడు రైలెక్కాడో లేదో నాకు తెలీదు గాని, నిన్ను దాటినప్పుడు మాత్రం రైల్లాగే పోయాడు."

పోస్టావిడ చేత్తో నోరు మూసుకుంది. కెప్టెన్ చెవులు బేకరీ పొయ్యి ముందు నిలబడ్డట్టు వేడెక్కాయి.

"అది... ఆ రోజు మంచు..."

"మంచూ లేదు మశానమూ లేదు, మంచి ఎండ. ఇంకోటి. నిన్నెవరు నాయనా గోడన్నది? మా బెంచీ మీదైతే నిన్ను స్ప్రింగు తలుపు అనేవాళ్లం. ఎవడొచ్చి తోసినా తెరుచుకునేవాడివి."

మేస్త్రి పగలబడి నవ్వాడు. పోస్టావిడ చెయ్యి అడ్డం పెట్టుకున్నా ఆగలేదు. బామ్మర్ది నవ్వు దగ్గులోకి దిగి, దగ్గు నవ్వులోకి ఎక్కి, కళ్లు తుడుచుకున్నాడు. ఒకే కడ్డీకి బిగించిన కుర్చీలన్నీ గడగడలాడాయి, వాటితో పాటు నవ్వని కెప్టెన్ కూడా ఊగాడు. గాలి తీసిన బంతిలా కూర్చున్నాడు. చీటీ చేతిలో నలిగి ఉండలా అయింది. లేచి వెళ్లిపోదామా అనుకున్నాడు. వాకిలికీ అతనికీ మధ్య బామ్మర్ది కాళ్లున్నాయి.

"ఇంతోటి దానికి అంత నవ్వెందుకర్రా," అంది పెద్దావిడ, నవ్వులు తగ్గేదాకా ఆగి. "ఉత్త తలుపనలేదుగా. స్ప్రింగు తలుపన్నాం. తెరుచుకున్నది తెరుచుకున్నట్టు ఉండిపోయేవాడు కాదు. వాడు దాటిపోయేవాడు, ఇతను పడేవాడు, పడ్డవాడు లేచి వాడి వెంటపడేవాడు. మళ్లీ పడేవాడు, మళ్లీ లేచేవాడు. మిగతా వాళ్లు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడేవాళ్లు. ఆ నాలుగో గోల్ పడింది, ఈల ఊదేశారు, అందరూ లోపలికి పోతున్నారు, ఇతనొక్కడే గోల్ దాకా పరిగెడుతున్నాడు. 'వీడికి ఈల వినపళ్లేదే పాపం' అన్నాడు మా ఆయన."

"వినపడింది పెద్దమ్మా," అన్నాడు కెప్టెన్.

అనేశాక తనే ఉలిక్కిపడ్డాడు. ఆ మాట అతను భార్యతో కూడా ఎప్పుడూ అనలేదు.

"మరెందుకు పరిగెత్తావు?"

"ఆ రోజుల్లో జట్టులోంచి తీసేస్తే నన్ను దేశంలోంచి తీసేసినట్టే. క్లబ్బు సంతకం మీదే ఇక్కడ ఉండనిచ్చేది. నిలబడిపోతే, నిలబడిపోయినవాడిగా కనపడతానేమోనని." చేతిలో చీటీ ఉండని చూసుకున్నాడు. "అంతే. పెద్ద కారణమేం లేదు."

"తీసేశారా మరి?"

"లేదు. ఇంకా రెండేళ్లు ఉంచారు."

"నాలుగు గోల్స్ పడనిచ్చినవాణ్ణి ఎందుకుంచారనుకున్నావు, నీ తలకట్టు చూసా?"

కెప్టెన్ నోరు తెరిచాడు. అందులోంచి ఏమీ రాలేదు. బామ్మర్ది ఆ వింత ఇంతకు ముందెప్పుడూ చూడలేదు.

నర్సు ఈసారి సగం మనిషి బయటికొచ్చింది. "పధ్నాలుగు! ఉన్నారా, పోయారా?"

బామ్మర్ది హాలంతా కలయజూశాడు. "ముందుకి పంపడానికి ఇంకెవరూ మిగల్లేదు బావా," అన్నాడు. ఈసారి మోచేత్తో పొడవలేదు, చెయ్యి అందించాడు.

కెప్టెన్ ఆ చెయ్యి పట్టుకుని లేచాడు. మోకాలి బొమ్మ ఉన్న తలుపు తోసుకుని లోపలికి పోయాడు.

డాక్టరమ్మ చిన్నది. అతని కూతురి ఈడుంటుంది. వెలుగుతున్న తెర మీద అతని మోకాలి ఫొటో పెట్టి, దగ్గరికి జరిగి చూసి, వెనక్కి జరిగి చూసి, "ఇదెలా అరిగిందండీ ఇంతగా?" అంది.

చెప్పడానికి నోటి నిండా ఉన్నాయి. ఏనుగులాంటి ఫార్వర్డు ఉన్నాడు, గూడ్సు రైలుంది. కెప్టెన్ వాటన్నిట్నీ ఒక్కసారి తలుచుకుని, "పరిగెత్తి," అన్నాడు.

"ఎక్కడికి?"

"వెనక్కి."

ఆవిడకి అర్థం కాలేదు. అయినా రాసుకుంది. రాసుకుని, మెత్తగానే చెప్పింది. కీలు మార్చాలి. మారిస్తే నొప్పి పోతుంది, మెట్లెక్కొచ్చు, పొయ్యి దగ్గర పనీ చేసుకోవచ్చు. ఆట మాత్రం లేదు. ఆదివారం ఆట కూడానా అని అడిగాడు. ఆదివారం ఆట కూడా అంది. గట్టు మీద కూర్చుని అరవొచ్చా అని అడిగాడు. ఆవిడ మొదటిసారి నవ్వింది. అరుపులకి మోకాలితో పని లేదు, అరవండి అంది.

బయటికొచ్చేసరికి హాల్లో ఎవరూ కదల్లేదు. మందులు చేతికొచ్చినా మేస్త్రి పోలేదు. వాన తగ్గినా పోస్టావిడ సంచి భుజానికెత్తుకోలేదు. పెద్దావిడ కోసం బండి వచ్చి వాకిట్లో ఆగి ఉంది, డ్రైవరు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఆవిడేమో, ఉండవయ్యా అన్నట్టు అతనికి చెయ్యి చూపించింది.

బామ్మర్ది జేబులోంచి తన వ్యాను తాళాలు తీసుకుని ఎదురొచ్చాడు. "ఏమన్నారు బావా?"

"కీలు మార్చాలట. ఆట మానెయ్యమన్నారు," అన్నాడు కెప్టెన్.

టీ మిషను తనంతట తనే ఒక కప్పు పడేసింది.

"అంతేనా?" అన్నాడు మేస్త్రి చివరికి.

"అంతే."

"అంతేనంటే ఎలాగండీ? దీనికోసమా మేం ఇంతసేపు కూర్చుంది?" మేస్త్రికి నిజంగానే కోపమొచ్చింది. "నాకూ చెప్పిందావిడ, మూడు నెలలు కప్పెక్కొద్దని. అలాంటివి మేమూ చెప్పగలం. సరిగ్గా చెప్పండి."

"అవునన్నయ్యా," అంది పోస్టావిడ. "తలుపు మూశాక లోపల ఏం జరిగింది?"

కెప్టెన్ వాళ్లందరి మొహాలూ చూశాడు. పెద్దావిడ వైపు కొంచెం జంకుతూ చూశాడు. ఆవిడ నడక చట్రం పక్కకి జరిపి, పక్క కుర్చీ మీద అరచేత్తో తట్టింది. కెప్టెన్ వచ్చి, కాలు నెమ్మదిగా చాపుకుని, అందులో కూర్చున్నాడు. గొంతు సవరించుకున్నాడు.

"ఏముందమ్మా, పెద్దగా ఏం లేదు. తెర మీద నా మోకాలు పెట్టిందా, చూసిందా, చూస్తూ చూస్తూ కుర్చీలోంచి లేచి నిలబడిపోయింది. నిలబడి, 'నా సర్వీసులో ఇలాంటి మోకాలు చూళ్లేదు' అని చేతులు జోడించింది."

"భోజనం వేళైంది నాయనా," అంది పెద్దావిడ. "నువ్వెప్పుడు పోతావా అని లేచుంటుంది డాక్టరమ్మ."

"అదే చెబుతున్నా పెద్దమ్మా," అన్నాడు కెప్టెన్ తడుముకోకుండా. "పక్కన భోజనం చల్లారిపోతున్నా సరే, కూర్చోలేదు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

బామ్మర్ది వ్యాను తాళాలు మళ్లీ జేబులో వేసుకుని, ఖాళీ కుర్చీ చూసుకుని కూర్చున్నాడు.